ఆయిల్ ఇరానీ చాయ్ లెక్క అయింది – లాంచీ ఇంజన్ ఆయిల్ కూలర్ మార్చాల్నా, జర చెప్పుర్రి

లాంచీ_మేస్త్రీ · సోమవారం, ఉదయం 8:12

అన్నలూ, జర అర్జెంటు. ట్యాంక్‌బండ్ కాడ తిరిగే ఒక ప్రైవేటు లాంచీకి ఇంజన్ పని నేనే చూస్త. అంతకుముందు పదిహేనేండ్లు లారీల మీద చేసిన, పడవల మీదికి వచ్చి రెండేండ్లు. 6 సిలిండర్ల డీజిల్ ఇంజన్. హుస్సేన్‌సాగర్ నీళ్లను పంపు గుంజి, ఇంజన్ ఆయిల్‌ను చల్లవరిచే ఆయిల్ కూలర్‌లకు పంపిస్తది, ఆడికెంచి కూలెంట్‌ను చల్లవరిచే హీట్ ఎక్స్‌చేంజర్, ఆనెంక సైలెన్సర్ పొగతోని బయటికి. ఇంజన్ చుట్టు తిరిగే కూలెంట్ వేరే, దాని ట్యాంకు వేరే.

నిన్న ఆదివారం మస్తు రష్. రాత్రి దాకా ట్రిప్పులు కొట్టినం, మీటర్లన్నీ మంచిగనే చూపించినయ్. పొద్దుగాల వచ్చి డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మ్యాక్స్ గీత మీద రెండు వేళ్ల ఎత్తున ఉన్నది. రంగు అచ్చం ఇరానీ చాయ్. పైన మీగడ కూడ కట్టింది.

ఓనర్ ఏమో ఆయిల్ మార్చి నడిపియ్, శనివారం బర్త్‌డే పార్టీ బుకింగ్ ఉన్నది అంటుండు. నాకు ధైర్యం చాల్తలేదు. కూలర్ పోయిందా, ఇంకేమన్ననా? ఎట్ల తెల్సుకోవాలె?


బోరుబావి_బాబు · సోమవారం, ఉదయం 8:30

హెడ్ గ్యాస్‌కెట్, అదే ఇంజన్ హెడ్ కింద ఉండే ప్యాకింగు, పోయింది. కళ్లు మూసుకొని చెప్తా. మా జనరేటర్‌కి ఇదే అయింది. హెడ్ విప్పి ఫేసింగ్ చేయించు, అయిపోతుంది.


వైజాగ్_హార్బర్ · సోమవారం, ఉదయం 8:41

కళ్లు మూసుకుని హెడ్డు ఇప్పితే మళ్లీ కళ్లు తెరిసేది బిల్లు సూసినప్పుడే. ఆగండి బాబూ.

మేస్త్రీ, ముందు సెల్ఫ్ ముట్టుకోకు. రెండు సంగతులు సెప్పు. కూలెంట్ ట్యాంకులో మట్టం దిగిందా? నిన్న పొగ గొట్టం నీళ్లతో పాటు నూనె తెట్టు ఏటైనా కనపడిందా?


లాంచీ_మేస్త్రీ · సోమవారం, ఉదయం 8:55

కూలెంట్ నిండుగ ఉన్నది, పచ్చగ శుభ్రంగ, నూనె జాడ లేదు.

తెట్టు అంటే... నిన్న సాయంత్రం వెనుక నీళ్ల మీద రంగులు కనవడ్డయ్, సింగిడి లెక్క. పక్క బోటోళ్ల డీజిల్ అనుకున్న. మన సాగర్‌ల రంగులకేం తక్వ అన్నా.


వైజాగ్_హార్బర్ · సోమవారం, ఉదయం 9:02

గ్యాస్‌కెట్ పోతే కూలెంట్ దిగాలి. కూలెంట్ దిగలేదు, తెట్టు వచ్చింది. అయితే కూలరే. మా బోట్లకి ఏడాదికి రెండు మూడు సూస్తాను నేను. జనరేటర్ బాబు గారూ, మీ జనరేటర్‌కి బయట సెరువు లేదు కదేటి!


సైనిక్‌పురి_చీఫ్ · సోమవారం, ఉదయం 9:20

నమస్కారం. నేను మర్చంట్ నేవీలో ఇంజన్ రూములో పనిచేసి రిటైర్ అయినవాణ్ని. వైజాగ్ వారు చెప్పింది సరైనదే. ఎందుకో తెలిస్తే మిగతా పని తేలిక కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ 3, 4 బార్ ఉంటుంది. కూలర్ గొట్టాల్లో తిరిగే చెరువు నీటి ప్రెషర్ 1 బార్ కూడా ఉండదు. గొట్టానికి సూది మొనంత చిల్లు పడినా నడిచినంతసేపు ఆయిలే నీళ్లలోకి పోతుంది, నీళ్లు ఆయిల్‌లోకి రావు. అందుకే మీకు మీటర్లన్నీ బాగున్నాయి, వెనుక రంగులు కనిపించాయి. ఇంజన్ ఆపగానే ఆయిల్ ప్రెషర్ సున్నా. కూలర్ నీటి మట్టానికి కింద ఉంటే చెరువు మొత్తం ఆ చిల్లు మీద నిలబడి ఉన్నట్టే. రాత్రంతా చుక్కచుక్కగా ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి దిగింది. పాడయింది పగలు, బయటపడింది తెల్లారి.

అంటే ఈ క్షణంలో కూడా దిగుతూనే ఉంటుంది. అడుగు వాల్వు, అదే సీకాక్, కట్టేశారా?


లాంచీ_మేస్త్రీ · సోమవారం, ఉదయం 9:31

లేదు సార్. నేను వచ్చినకెల్లి దాన్ని ఎవ్వరు కట్టలే. హ్యాండిల్ పట్టేసింది, తిరుగుతలేదు.


కాకినాడ_సూరి · సోమవారం, ఉదయం 9:38

ఆయ్, రెండేళ్లు కట్టని సీకాక్ అంటే అది సీకాక్ కాదండి, పడవకి చిల్లు. పైపు రింజి వేసి బలంగా తిప్పేయకండి. గొంతు దగ్గర విరిగిందంటే కూలర్ సంగతి దేవుడెరుగు, లాంచీ మునుగుద్ది. ముందు మెత్తటి కర్రతో బిరడా చెక్కించి పక్కన పెట్టుకోండి, ఒక కొస సన్నంగా ఒక కొస లావుగా. తర్వాత తుప్పు ఆయిల్ కొట్టి, మరిగిన నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి, చెక్క సుత్తితో చిన్నగా తడుతూ అటూ ఇటూ ఆడించండి. మంట మాత్రం పెట్టొద్దు. ఆనుకుని రబ్బరు పైపు ఉంటది, అడుగున డీజిల్ ఆవిరి ఉంటది.


లాంచీ_మేస్త్రీ · సోమవారం, మధ్యాహ్నం 12:47

కట్టిన! రెండు గంటలు పట్టింది. టీ బండి కాడికెంచి మూడు సార్లు వేడినీళ్లు తెచ్చిన. ఆయనకు ఇంకా డౌటే, రోజు చాయ్ అడిగేటోడు ఇయ్యాల ఉత్త నీళ్లు అడుగుతుండేందని.

ఇప్పుడు కూలర్ విప్పాల్నా?


సైనిక్‌పురి_చీఫ్ · సోమవారం, మధ్యాహ్నం 1:05

మొదట ఇంజన్ లోపలి నీళ్లు, కూలర్ తర్వాత. కూలర్ పాడైంది, ఇక ఎలాగూ పాడైందే, అది వారం ఆగుతుంది. బేరింగులు ఆగవు. పాలనీళ్లలాంటి ఆయిల్‌లో క్రాంకు, బేరింగు షెల్స్ రాత్రంతా నానితే తుప్పు మచ్చలు పడతాయి. ఆ పాడు నీళ్లయితే మరీ త్వరగా.

కూలర్‌కి వచ్చే రెండు ఆయిల్ హోస్‌లను విప్పి, మధ్యలో ఒక నిపుల్ (రెండు కొసలా మర ఉన్న పొట్టి పైపు ముక్క) పెట్టి ఒకదానికొకటి కలిపేయండి. నీటి హోస్‌లనూ అలాగే ఒక పైపు ముక్కతో కలపండి. కూలర్‌ని పక్కకు తప్పించినట్టయింది. లోడ్ లేకుండా ఐడిల్‌లో పది నిమిషాలు నడపడానికి కూలర్ అవసరం ఉండదు. పాత ఆయిల్ మొత్తం తీసి, కొత్త ఫిల్టర్ వేసి, చౌకలో దొరికే 15డబ్ల్యు-40 పోసి ఐడిల్‌లో తిప్పండి. వేడిగా ఉన్నప్పుడే తీసేయండి. మళ్లీ పోయండి. శుభ్రంగా వచ్చేదాకా ఇంతే. ఫిల్టర్ ప్రతిసారీ కొత్తది. తడిసిన కాగితం ఉబ్బిపోయి ఉంటుంది, దానిమీద జాలి పడొద్దు.


బోరుబావి_బాబు · సోమవారం, మధ్యాహ్నం 1:22

అంత ఆయిల్ ఎందుకు దండగ? సగం కిరోసిన్ కలిపి తిప్పితే ఒక్కసారికే కడిగేసినట్టు వస్తుంది. ఊళ్లో అందరం అలాగే చేస్తాం.


సైనిక్‌పురి_చీఫ్ · సోమవారం, మధ్యాహ్నం 1:40

చేస్తారు, నిజమే. తర్వాత బేరింగులు ఎందుకు పోయాయో ఎవరికీ అర్థం కాదు. కిరోసిన్ కలిస్తే ఆయిల్ పలచబడి క్రాంకు మీద పొర నిలవదు. ఇప్పటికే నీళ్లతో దెబ్బతిన్న బేరింగుకి అది రెండో దెబ్బ.


లాంచీ_మేస్త్రీ · సోమవారం, రాత్రి 10:15

మొదటి కడుగుడు అయింది. చాంబర్ డ్రైన్ నట్టు కాడ చెయ్యి పట్టది, డిప్‌స్టిక్ గొట్టంల నుంచి చేతి పంపుతోని గుంజిన. మొదలు ఉత్త నీళ్లే వచ్చినయ్, ఒక రెండు లీటర్లు. వాసన చెప్పనవసరం లేదు, హైదరాబాదోళ్లకు తెల్సు. ఆనెంక చాయ్.

తిప్పి తీసినంక ఇరానీ చాయ్ కాస్త బ్రూ కాఫీ అయింది. రెండోది కూడ చేసిన, ఇంకా జర మబ్బుగనే ఉన్నది. ఓనర్‌కు లీటర్ల లెక్క చెప్పంగనే మొఖం మాడ్చిండు.

ఒకటి మర్చిపోయి చేసిన, మీరు చేయకుర్రి: అడుగు నీళ్లు తోడే ఆటో పంపు స్విచ్ ఆన్‌లనే ఉండె. జర ఆయిల్ కింద ఒలికింది, పంపు దాన్ని సక్కగ సాగర్‌లకు కొట్టబోయింది. ఉరికి ఆపిన. తీసిన ఆయిల్ డబ్బాలల్ల పోసి ఒడ్డుకు చేర్చిన. పాత ఆయిల్ కొనెటాయనను పిలిస్తే “నీళ్లది నాకొద్దు” అన్నడు. మూడు రోజులు నిలవెట్టి, అడుగున దిగిన నీళ్లు వేరే చేసి ఇయ్యాలె.


పానా_పదకొండు · సోమవారం, రాత్రి 10:50

ఈ చర్చ చదివినంక రేపు పొద్దున చాయ్ తాగబుద్ధి కాదు నాకు.


బాలానగర్_లేతు · మంగళవారం, ఉదయం 7:30

మేస్త్రీ, కూలర్ ఇప్పినంక ఫోటోలు పెట్టు. మాది బాలానగర్‌ల లేతు షాపు. పడవ పని ఎక్వ రాదు గని హైడ్రాలిక్ ప్రెస్సుల ఆయిల్ కూలర్లు మస్తు చేసినం, లోపలి కథ ఒకటే. ఇప్పేటప్పుడు మూతలకు, బాడీకి కలిపి సెంటర్ పంచ్‌తోని గుర్తులు పెట్టు. మూత తలకిందులు పడితే నీళ్లు పోవల్సిన దారిల పోవు.


లాంచీ_మేస్త్రీ · మంగళవారం, సాయంత్రం 6:20

ఇప్పిన. నాలుగు హోస్‌లు నిన్ననే తీసిన, ఇయ్యాల రెండు పట్టీలు, అంతే. పట్టీ బోల్టు ఒకటి తుప్పుతోని తెగింది, అది వేరే తలనొప్పి.

టెస్టు ఇట్ల చేసిన. నీళ్ల మూతలు రెండు దిక్కుల తీసేసిన, గొట్టాల మూతులు కనవడాలె కదా. ఆయిల్ పోర్టు ఒకటి ప్లగ్గుతోని మూసి, రెండోదానికి టైరు వాల్వు బిగించి, పంక్చర్ షాపుల 2 బార్ గాలి పెట్టిన. ఆయన టబ్బులనే ముంచినం. రెండు గొట్టాల నుంచి బుడగలు! ఒకటి సన్నగ, ఒకటి బుసబుస. పంక్చరాయన “ప్యాచ్ ఏయాల్నా” అన్నడు.

అసలు సంగతి ఇది. నీళ్లు లోపలికి వచ్చే దిక్కు మూత తీస్తే గొట్టాల మూతుల మీద రబ్బరు ముక్కలు మూడు. ఇంపెల్లర్, అదే నీళ్ల పంపు లోపల తిరిగే రబ్బరు చక్రం, దాని రెక్కలే. పైన కొబ్బరి పీచు, సుతిలి తాడు పోగులు, ఎండుగడ్డి. ముప్పాతిక గొట్టాలు మూసుకపోయినయ్. ఇంపెల్లర్ నేను ఎండకాలంల మార్చిన, అప్పుడు తీసినది నిండు రెక్కలతోనే ఉండె, ఇప్పుడున్నది కూడ నిండు రెక్కలతోని కొత్తగనే ఉన్నది. అంటే ఈ ముక్కలు నేను రాకముందువి.


వైజాగ్_హార్బర్ · మంగళవారం, సాయంత్రం 6:45

అదీ! పాత ఇంపెల్లర్ రెక్కలు ఇరిగినాయి, ఎవడో కొత్తది బిగించీసి ఎళిపోనాడు. ఇరిగిన ముక్కలు ఏటైపోయాయని ఎతకలేదు. మా హార్బర్లో కుర్రోళ్లకి నేను మొదట నేర్పేది ఇదే. పాత ఇంపెల్లర్ బల్ల మీద పెట్టి రెక్కలు లెక్కెట్టు, తగ్గినవి దొరికేదాకా అన్నం తినకు.


సైనిక్‌పురి_చీఫ్ · మంగళవారం, రాత్రి 8:10

గొట్టం చిల్లుకి కూడా ఆ ముక్కలే కారణం అయి ఉండొచ్చు. గొట్టం మూతిలో రబ్బరు సగం ఇరుక్కుంటే మిగిలిన సందులోంచి నీళ్లు సుడి తిరుగుతూ, వేగంగా పోతాయి. రాగి నికెల్ గొట్టానికి లోపల ఒక సన్నటి రక్షణ పొర ఉంటుంది. సుడి దాన్ని ఒకే చోట గీకుతూ ఉంటే అక్కడే లోహం తినేస్తుంది. దానికి తోడు మురుగు నీళ్లలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్, అమ్మోనియా రాగి జాతి లోహాలకి పగవాళ్లు. సముద్రంలో పదేళ్లు ఆగే గొట్టం మురుగులో అంతకాలం ఆగుతుందని నమ్మకండి.

వీలైతే ఆ గొట్టాన్ని కోయించి చూడండి. చిల్లు ముక్క వెనకాలే, మూతి నుంచి కొద్ది దూరంలోనే ఉంటుందని నా అంచనా.


కొత్త_సభ్యుడు_77 · మంగళవారం, రాత్రి 8:34

అడ్డం వస్తున్నందుకు క్షమించండి. అసలు పడవకి ఆయిల్ కూలర్ ఎందుకు? మా లారీకి బయట ఏమీ కనబడదు.


లాంచీ_మేస్త్రీ · మంగళవారం, రాత్రి 8:52

నేను కూడ మొదలు గదే అడిగిన తమ్మీ. చాలా లారీలకు ఉంటది, బ్లాకు పక్కల లోపల దాక్కొని ఉంటది, కూలెంటే దాన్ని చల్లవరుస్తది. లారీ ఘాటు ఎక్కినంక దిగుతది, దిగేటప్పుడు ఇంజన్ రెస్టు తీస్కుంటది. పడవకు దిగుడు లేదు. పంకా నీళ్లను తోస్తనే ఉండాలె, అంటే ఇంజన్‌కు ఎప్పుడూ ఎత్తే. పైంగ అది మూత పెట్టిన గదిల ఉంటది, గాలి తగలది.


బాలానగర్_లేతు · బుధవారం, ఉదయం 11:15

మేస్త్రీ పొద్దుగాల కూలర్ తెచ్చిండు. బుసబుస గొట్టం కోసి చూసినం. చీఫ్ సార్ చెప్పినట్టే, మూతి నుంచి రెండంగుళాల లోపల గొట్టం సగం మందం తినేసి ఉన్నది, మధ్యల చిల్లు. లోపలంత నల్లటి పొర.

రిపేరు చేయొచ్చా అంటే చేయొచ్చు. చెడిన గొట్టాలకు రెండు దిక్కుల ఇత్తడి మేకులు, టేపరుగ తిప్పి కొడ్తె మూసుకుంటయ్. గని నా మాట వింటే వద్దు.


బోరుబావి_బాబు · బుధవారం, ఉదయం 11:40

రేడియేటర్ షాపులో టంకం పెట్టిస్తే సరి కదా? ఈసారి కరెక్టే చెప్పాననుకుంటున్నా.


బాలానగర్_లేతు · బుధవారం, మధ్యాహ్నం 12:05

బాబన్నా, రేడియేటర్ టంకం సీసం, తగరం కలిసింది. 183 డిగ్రీలకే కరుగుడు మొదలైతది. లోపల ఆయిల్ 100 డిగ్రీల మీద, 4 బార్ ప్రెషర్, ఇంజన్ అదురుడు. కరగకున్నా మెత్తవడి పట్టు ఇడుస్తది. రేడియేటర్‌ల ప్రెషర్ 1 బార్, ఆడ నడుస్తది, ఈడ నడవది.


సైనిక్‌పురి_చీఫ్ · బుధవారం, మధ్యాహ్నం 12:30

ఓడల్లో పద్ధతి ఏమిటంటే పదింట ఒక గొట్టం దాకా మూసి నడపవచ్చు, ఒడ్డు చేరేదాకా. మీకు ఒడ్డు రెండు వందల గజాల్లో ఉంది. రెండు గొట్టాలు చిల్లుపడ్డాయంటే పక్కవి కూడా సగం తినేసి ఉంటాయి. కొత్తది వేయండి.


లాంచీ_మేస్త్రీ · బుధవారం, రాత్రి 9:05

కంపెనీ కూలర్‌కు ఆరు వారాలు అన్నరు. ఓనర్ మొఖం మళ్ల మాడింది. రాణిగంజ్ అంత తిరిగిన, పంపుల గల్లీ కెంచి బేరింగుల గల్లీ దాకా. ఒక దుకాణంల అదే పొడుగు, అదే లావు పడవ కూలర్ దొరికింది, రాగి నికెల్ గొట్టాలే. ఆయన “సేమ్ టు సేమ్ భాయ్, ఆంఖ్ బంద్ కర్కే లగావ్” అన్నడు. కళ్లు మూసుకోమనేటోళ్లు గీ వారంల ఇద్దరైన్రు.

ఆయిల్ పోర్టుల మన పాత నిపుల్ బిగిస్తే రెండు చుట్లు మంచిగ పోయింది, మూడోదానికి పట్టేసింది. జర బలం పెడ్తె పోతదేమో?


బాలానగర్_లేతు · బుధవారం, రాత్రి 9:12

ఆపు! బలం పెట్టకు!! మీ పాత నిపుల్ ముప్పావు బీఎస్‌పీ, అంటే అంగుళాల లెక్క మర, అయి ఉంటది, కొలువు. బయటి కొలత 26.4 ఎమ్ఎమ్, అంగుళానికి 14 చుట్లు. కొత్త కూలర్‌ది ఎమ్27, అంటే మిల్లీమీటర్ల లెక్క మర, ఉండొచ్చు, చుట్టు చుట్టుకు 2 ఎమ్ఎమ్. బీఎస్‌పీల అది 1.8. అందుకే రెండు చుట్లు పోయినట్టే పోయి పడ్తది. బలం పెడ్తె బిగుసుకుంటది, మంచిగ అయిందనే అనుకుంటవ్. సాగర్ నడుమల వేడెక్కి అదిరి ఊడ్తది. 4 బార్‌ల ఆయిల్ ఒక్క నిమిషంల ఖాళీ, ఇంజన్ ఖతం.

రేపు నిపుల్, కూలర్ రెండు పట్టుకరా. పిచ్ గేజీ పెట్టి చూసి ఒక దిక్కు ఎమ్27, ఒక దిక్కు బీఎస్‌పీ అడాప్టర్లు తిప్పి ఇస్త.


లాంచీ_మేస్త్రీ · గురువారం, సాయంత్రం 5:40

నిజంగనే ఎమ్27. అడాప్టర్లు రెండు చేపిచ్చిన. అన్న పైసలు వద్దన్నడు, లాంచీల ఒక రౌండు తిప్పు అన్నడు. ఆయిల్ హోస్‌లు కూడ కొత్తయి ప్రెస్ చేపిచ్చిన, పాతవి వంచితే పగుళ్లు కనవడుతున్నయ్. రాగి వాచర్లు కొత్తయి.

ఇప్పుడు జింకు ముచ్చట. పాత కూలర్ మూతకు జింకు కడ్డీ పెట్టే బొక్క ఉన్నది, అండ్ల ఉత్త ఇత్తడి ప్లగ్గే ఉండె, కడ్డీ లేదు. కొత్తదానితోని జింకు కడ్డీ వచ్చింది. పెట్టాల్నా? సాగర్ ఉప్పునీళ్లు కాదు కదా.


వైజాగ్_హార్బర్ · గురువారం, సాయంత్రం 6:02

పెట్టేయ్, ఇంకేటి ఆలోసన. జింకు తనని తాను తినేయించుకుని గొట్టాన్ని కాపాడతాది. మేం మూడు నెలలకోపాలి ఇప్పి సూస్తాం, సగం అరిగితే మార్చేస్తాం.


సైనిక్‌పురి_చీఫ్ · గురువారం, సాయంత్రం 6:30

సముద్రానికి అది సరి. మంచినీళ్లలో జింకు మీద గట్టి తెల్లటి పెచ్చు కట్టి కొన్నాళ్లకి పనిచేయడం మానేస్తుంది. అరగలేదు, బాగుందనుకుంటాం. అరగకపోవడమే జబ్బు. మంచినీళ్లకి మెగ్నీషియం వాడతారు. మీ ఇంట్లో గీజర్ విప్పితే లోపల కడ్డీ కనిపిస్తుంది చూడండి, చాలావాటిలో అదే.


బాలానగర్_లేతు · గురువారం, రాత్రి 7:15

గీజర్ కడ్డీ నుంచి సైజుకు తిప్పి ఇస్త. గని లేతు ఉన్నోళ్లందరికి ఒక మాట. మెగ్నీషియం పొట్టు అంటుకుంటే తెల్లటి మంట, కళ్లు పోతయ్. నీళ్లు పోస్తె ఇంకా మండుతది. ఎండు ఇసుక బకెట్ పక్కకు పెట్టుకొని, మొండి టూలు కాకుండ పదునుదానితోని, నిమ్మలంగ తిప్పాలె. మా షాపుల ఒకసారి అంటుకున్నది, అప్పటికెల్లి నా కనుబొమ్మ ఒకటి పలచగనే ఉంటది.


లాంచీ_మేస్త్రీ · గురువారం, రాత్రి 10:48

కూలర్ ఎక్కిచ్చిన. కూలర్ నిండ ఆయిల్ ముందే పోసి బిగించిన. హీట్ ఎక్స్‌చేంజర్ మూత కూడ తీసి చూసిన, ఆడ ఇంకో ముక్కన్నర రబ్బరు దొరికింది. గొట్టాలను కొబ్బరి చీపురు ఈనెతోని ఒక్కొక్కటే పొడిచి శుభ్రం చేసిన. ఇనుప ఊచ పెట్టలే, గీతలు వడ్తయని. తెల్లగ గట్టిగ ఉన్న కాడ నిమ్మ ఉప్పు నీళ్లు గంటసేపు నిలవెట్టిన.

రేపు పొద్దుగాల స్టార్టింగు. డీజిల్ బందు పెట్టి, స్టార్ట్ కాకుండ ఒక నిమిషం సెల్ఫ్ కొట్టి, ఆయిల్ ప్రెషర్ వచ్చినంక డీజిల్ ఇడుస్త. లారీలకు గట్లనే చేసేటోణ్ని. అన్ని వాల్వులు ఓపెన్ పెట్టిన, రడీ.


కాకినాడ_సూరి · గురువారం, రాత్రి 11:55

మేస్త్రీ గారూ, పడుకునే ముందు ఇది చూస్తే చాలండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు సీకాక్ కట్టెయ్యండి! లారీ వేరు, మీది నీళ్ల సైలెన్సర్. ఇంజన్ స్టార్ట్ అవ్వకుండా తిరుగుతుంటే పంపు నీళ్లు తోస్తూనే ఉంటది. పొగ ఉంటే ఆ నీళ్లని బయటికి తంతది. పొగ లేదు కాబట్టి సైలెన్సర్ నిండి, నీళ్లు ఎనక్కెక్కి ఎగ్జాస్ట్ వాల్వుల్లోంచి సిలిండర్‌లోకి దిగుతాయండి. డీజిల్ సిలిండర్‌లో నీళ్లు నలగవు. పిస్టన్ పైకొచ్చి గుద్దుకుని రాడ్డు వంగుద్ది.

మా రేవులో ఒకాయన కూలర్ బెమ్మాండంగా మార్చి, ఇలాగే ప్రెషర్ కోసమని సెల్ఫ్ కొట్టి రెండు రాడ్లు వంచుకున్నాడు. కూలర్ మాత్రం ఇప్పటికీ బాగుందండి.


సైనిక్‌పురి_చీఫ్ · శుక్రవారం, ఉదయం 5:10

సూరి గారు చెప్పింది అక్షరాలా నిజం. నేనే ముందు రాయాల్సింది, పొరపాటు నాది. సోమవారం మీరు కడిగినప్పుడు ఇంజన్ వెంటనే అందుకుంది కాబట్టి బతికిపోయారు. సీకాక్ కట్టి, పది పదిహేను సెకన్ల చొప్పున ఆగి ఆగి కొట్టండి, సెల్ఫ్ మోటారూ వేడెక్కకుండా ఉంటుంది. ప్రెషర్ వచ్చాక స్టార్ట్ చేయండి, అందుకున్న వెంటనే సీకాక్ తెరవండి. ఇంపెల్లర్ పొడిగా అర నిమిషం కూడా తిరగకూడదు, కాలిపోతుంది. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తాళం దగ్గర, ఒకరు సీకాక్ దగ్గర.


లాంచీ_మేస్త్రీ · శుక్రవారం, ఉదయం 6:20

ఇప్పుడే చూసిన. చేతులు వణుకుతున్నయ్ అన్నా. సూరి అన్నా, నీకు బిర్యానీ బాకీ. పిలగాణ్ని తోల్కపోతున్న సీకాక్ కాడ కూసోవెట్టనీకి.


లాంచీ_మేస్త్రీ · శుక్రవారం, మధ్యాహ్నం 2:30

నడిచింది!

మూడోసారి సెల్ఫ్ కొట్టంగనే మీటర్ ముల్లు లేచింది. డీజిల్ ఇడిస్తే గబుక్కున అందుకున్నది, నేను అరిచేలోపలనే పిలగాడు సీకాక్ తెరిచిండు, పొగ గొట్టం నుంచి నీళ్లు దబదబ. కట్టేసిన కాడనే అర్ధగంట ఐడిల్, ఆనెంక తాళ్లు బిగించి జర లోడు. ప్రెషర్ 4 బార్ మీద నిలవడ్డది. ఆయిల్ తీసి చూస్తే శుభ్రం. అయినా ఫిల్టర్, ఆయిల్ మళ్ల ఒకసారి మార్చిన, ఈసారి మంచి ఆయిల్. అడాప్టర్ల కాడ తెల్ల కాగితం చుట్టి పెట్టిన, చుక్క లేదు.


సైనిక్‌పురి_చీఫ్ · శుక్రవారం, మధ్యాహ్నం 3:00

సంతోషం. రేపు ట్రిప్పు అయ్యాక వేడి పెనం మీద ఒక చుక్క ఆయిల్ వేయండి. నీళ్లుంటే చిటపటలాడుతుంది, లేకపోతే నిశ్శబ్దంగా పాకి పొగ వస్తుంది. కంటికి కనిపించని నీళ్లు కూడా అక్కడ దొరికిపోతాయి.


పానా_పదకొండు · శుక్రవారం, మధ్యాహ్నం 3:08

ఇంట్లో దోసెల పెనం మీద చేయకు మేస్త్రీ. అనుభవంతో చెప్తున్నా.


లాంచీ_మేస్త్రీ · ఆదివారం, రాత్రి 11:20

నిన్న పార్టీ అయింది, ఇయ్యాల రోజంత తిరిగినం. డిప్‌స్టిక్ గీత మీదనే, రంగు మంచిగ. పెనం కూడ చూసిన (టీ బండాయన పాత పెనం, అడిగే తీస్కున్న), సప్పుడు లేదు. రాత్రి సీకాక్ కట్టి ఇంటికొచ్చిన. తాళం చెవులకు ఎర్ర తాడు కట్టిన, తెల్లారి తెరుసుడు మర్చిపోకుండ.

పీచు, సుతిలి సంగతి ఓనర్‌కు చెప్పిన. వినాయక నిమజ్జనం అయినంక పది పదిహేను రోజులు నీళ్లు గుంజే దారిల ఉన్న జాలీల గడ్డి, బట్ట ముక్కలు, తాడు ఎట్ల వస్తయో నాకు తెల్సు. ఈసారి ఆ రోజులల్ల పొద్దుమాపు జాలీ కడుగుడు, అయినంక ఇంపెల్లర్ ఇప్పి చూసుడు. జాలీకి ఒక మూల చీలిక ఉండె, అండ్లకెల్లే పీచు పోయింది. మార్చిన.


వైజాగ్_హార్బర్ · సోమవారం, ఉదయం 7:05

శెభాష్. ఒకటి అడగనా? ఆ పాత ఇంపెల్లర్‌కి ఎన్ని రెక్కలు? నీకు దొరికినవి మూడు, ఒకటిన్నర. లెక్క సరిపోయిందేటి?


లాంచీ_మేస్త్రీ · సోమవారం, ఉదయం 7:40

కొత్తదానికి ఆరు రెక్కలు, పాతది కూడ గదే రకం. ముందు చేసిన మేస్త్రీకి ఫోన్ చేసిన. “ఆరుకు ఆరు లేకుండె భాయ్, ఉత్త బుడిపె మిగిలింది” అన్నడు. ఇంకో ఒకటిన్నర రెక్క ఏడనో ఉన్నది.


సైనిక్‌పురి_చీఫ్ · సోమవారం, ఉదయం 7:58

హీట్ ఎక్స్‌చేంజర్ దాటాక నీళ్లు నేరుగా సైలెన్సర్‌కే పోతాయా, మధ్యలో గేర్‌బాక్సు ఆయిల్ కూలర్ ఉందా?


లాంచీ_మేస్త్రీ · సోమవారం, ఉదయం 8:03

...

ఉన్నది సార్. చిన్నది, వెనుక ఇరుకుల. దాన్ని చూడలే. సీకాక్ కట్టి పానా తీస్కొని పోతున్న.